అడవికి కాపలా చెంచులే



'అడవి బతకాలంటే గూడేలను ఖాళీ చేయించాలి' అంటూ గత వారం మీ పత్రికలో పాఠకులొకరు రాసిన లేఖతో ఏకీభవించలేను. నల్లమల సంగతే చూడండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు 2019లో కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. దానికి అడ్డంగా నిలబడింది అక్కడి చెంచు పెంటల (గూడేల) వాళ్లు. ఆ తర్వాతే నగరం గొంతు కలిపింది. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. పులుల జాడ తీయడానికి అటవీ శాఖ సైతం చెంచులనే కాపలా పనిలో పెట్టుకుంటోంది. మరి అడవికి శత్రువులెవరు?

ఇది పాతబస్తీకి పట్టని గొడవ కాదు. నాగార్జునసాగర్ నుంచి మన నగరానికొచ్చే కృష్ణా నీళ్లు నల్లమలను ఒరుసుకుంటూ పారినవే.

వెళ్లగొడితే ఏమవుతుందో ఈ నగరానికి తెలుసు. నిజాం సర్కారు అటవీ హుకుంలు గోండుల భూములు లాక్కున్నాయి. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కొమురం భీం నేలకొరిగాకే ఆ సర్కారు మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను పంపి వాళ్ల గోడు విన్నది.

2006 అటవీ హక్కుల చట్టం అడవిని కాపాడుకునే హక్కును గ్రామసభలకే ఇచ్చింది. సమ్మతి లేకుండా తరలించరాదనీ చెప్పింది. ఖాళీ చేయించమనే ముందు ఆ చట్టాన్ని అమలు చేయమని అడుగుదాం.

— ఒక పాఠకుడు, శాలిబండ, హైదరాబాద్