కొల్లేటి హద్దు – కంప్యూటరు మట్టము

కొల్లేటి సరస్సునకు హద్దురాళ్లు పాతుట సులభము కాదు. దాని హద్దు ఒక మట్టము. 1999లో ప్రభుత్వమువారు దానిని అభయారణ్యముగా ప్రకటించినప్పుడు, అయిదవ అడుగు కాంటూరు వఱకు గల ప్రదేశమంతయు అందు జేరునని శాసించిరి. 2006లో ఆ గీతకు లోపలనున్న చేపల చెరువుల గట్లను గొట్టివేసిరి. 2008లో శాసనసభ ఆ గీతను మూడడుగులకు దింపవలెనని తీర్మానించెను. అయిదా, మూడా యను వాదములోనికి మేమిప్పుడు దిగబోము. ఆ గీతను ఎవరు, ఏ లెక్కతో గీయుచున్నారనునదియే మా ప్రశ్న.

పూర్వము సర్వేయరు లెవెలు యంత్రముతోను, కొలబద్దతోను పొలములో నిలిచి మట్టము దీసెడివాడు. పని మందమేకాని, రైతు ప్రక్కనుండి చూచుటకు వీలుండెను. ఇప్పుడు విమానమునుండియో డ్రోనునుండియో లక్షలకొలది బిందువులు కొలువబడి కంప్యూటరులో బడుచున్నవి. అది వానిని మూడేసిగా గలిపి త్రిభుజముల వలగా నల్లి, ఆ వలపై కాంటూరును నడిపించును. దీనినే డిజిటల్ టెరైన్ మోడల్ అందురు. విద్య గొప్పదే, మేము దానికి విరోధులము గాము.

అయితే ఆ వల అల్లగనే నిజమైన నేల కాజాలదు. డ్రోను ఛాయాపటము వరిచేని తలను జూచునుగాని, క్రింది నేలను జూడదు. లేసరు కిరణము నీటిపై బడి తిరిగి రాకపోవచ్చును. కాలువ కిరుప్రక్కల బిందువులను గలిపినచో నడుమ కాలువ పూడిపోవును. తూము మీది రోడ్డు, లెక్కలో అడ్డుకట్టగా నిలిచి నీటినాపును. కావున మనుష్యుడొకడు కూర్చుండి తప్పు బిందువులను దొలగించి, గట్టు అంచుల వెంబడి గీతలు వైచి, తూమున్నచోట దారి తెరచి, మోడలును దిద్దవలసియున్నది. ఉపగ్రహస్థాన యంత్రము చెప్పు ఎత్తు సముద్రమట్టము నుండి కొలిచినది గాదు. దానిని సముద్రమట్టమునకు మార్చుకొనవలెను. ఆ మార్పిడిలో అరయడుగు పొరపాటు వచ్చినదనుకొందము. వేయి అడుగులకు ఒక అడుగు వాలుగల నేలలో కాంటూరు అయిదువందల అడుగులు ప్రక్కకు జరుగును. అందులో ఎన్ని కుటుంబముల పొలములున్నవో ఆ గ్రామస్థులకే తెలియును.

ఇంతకంటె గడ్డుచిక్కు వేఱొకటి గలదు. చేపల చెరువు త్రవ్వినవాడు అడుగు మన్ను దీసి గట్టుపై బోసినాడు. అడుగు అయిదడుగులకు లోబడినది. గట్టు శిఖరము మీదికి లేచినది. మోడలులో గట్టు నుంచినచో కాంటూరు ద్వీపములు ద్వీపములుగా చీలును. గట్టు దీసివేసినచో అంతయు సరస్సే. మెరక పోసికొన్నవాడు గీత వెలుపలికి బోవుటయు, తరతరముల మెరకనేలను మన్నుకై త్రవ్వుకొన్నవాడు గీతలోపల బడుటయు న్యాయమా? హద్దు నిర్ణయమునకు ఏనాటి నేల ప్రమాణము? దీనిని కంప్యూటరు చెప్పజాలదు. కంప్యూటరు ముందు కూర్చున్న గుమాస్తా చెప్పరాదు. అది శాసనము దేల్చవలసిన విషయము. (ప్లీడరు మిత్రులు మాపై నలుగకుందురుగాక, ఇట్టి ప్రశ్నలు తేలకుండుటచేతనే వారి కాలము సుఖముగా జరుగుచున్నది.)

2000 ఫిబ్రవరిలో అంతరిక్షనౌక నుండి రాడారుతో కొలిచిన భూతలపు లెక్కలు ఎవరికైనను ఉచితముగా లభించుచున్నవి. వానిలో ఎత్తు తప్పు మీటర్లలో నుండును. కొండల వాలు దెలిసికొనుటకు అవి మేలే. అయిదడుగుల తగాదాకు పనికిరావు. అట్టి పటమును రంగులతో నచ్చొత్తి రైతు ముందుంచినచో అతడు నమ్మును, నమ్మి నష్టపోవును.

కావున కాంటూరు పటముతోబాటు మొదట కొలిచిన బిందువులను, కొలిచిన తేదీని, ఏ మట్టపురాతి నుండి లెక్క మొదలిడిరో దానిని, దిద్దుబాటులో తొలగించినవానిని, చేర్చినవానిని, దిద్దినవారి పేరుతో సహా ప్రకటింపవలెనని మేము కోరుచున్నాము. గీత వెంబడి కొన్నిచోట్లనైనను రైతుల యెదుట లెవెలు యంత్రముతో సరిచూడవలెను. ఈ కాగితములు రాజధాని కచేరీలలోగాక, ఆ గీత దాటుచున్న ప్రతి గ్రామ సచివాలయములోను, వర్షములకు ముందే, అడిగినవారికి జూపుటకు సిద్ధముగా నుండవలెను.