నల్ల కాగితం నేర్పిన పాఠం

మీ ఊళ్ళో జిరాక్సు షాపు ఉండే ఉంటుంది. మార్కుల జాబితాకో, కులం సర్టిఫికెట్టుకో నకలు తీయించుకోవడానికి మీరు అక్కడికి వెళ్ళే ఉంటారు. తెల్ల కాగితం యంత్రంలోకి పోవడం, అక్షరాలతో వెచ్చగా బయటికి రావడం చూశారు గదా! మరి ఆ కాగితం పూర్తిగా నల్లగా బయటికి రావడం ఎప్పుడైనా చూశారా? మా బడిలో ఒకసారి అలాగే వచ్చింది. ఆ నల్ల కాగితం నాకు నేర్పిన పాఠం మీతో చెప్పాలని ఇది రాస్తున్నాను.

ముందుగా ఈ యంత్రం పుట్టుక సంగతి తెలుసుకుందాం. 1938 అక్టోబరు 22న అమెరికాలోని న్యూయార్క్ నగరంలో, ఆస్టోరియా అనే పేటలో, చెస్టర్ కార్ల్‌సన్ అనే ఆయన తన సహాయకుడు ఒట్టో కోర్నీతో కలిసి ఒక ప్రయోగం చేశాడు. గంధకం పూసిన జింకు పలకను చేతిరుమాలుతో రుద్దారు. పలకకు స్థిర విద్యుదావేశం వచ్చింది. తేదీ, పేట పేరు రాసిన గాజు పలకను దానిమీద పెట్టి గట్టి వెలుతురు పడనిచ్చారు. వెలుతురు పడినచోట ఆవేశం పోయింది. అక్షరాల నీడ పడినచోట మాత్రం మిగిలింది. లైకోపోడియం అనే సన్నని పొడి చల్లి ఊదితే, అక్షరాల ఆకారంలోనే పొడి నిలిచింది. దాన్ని మైనపు కాగితం మీదికి ఎక్కించి వేడిచేశారు. అదే మొదటి జిరాక్సు నకలు. దువ్వెనను తలకు రుద్ది కాగితపు ముక్కల్ని ఆకర్షించే మీ ప్రయోగానికి ఇది పెద్దన్న అన్నమాట!

ఇప్పటి యంత్రంలో పలకకు బదులు గుండ్రటి డ్రమ్ము ఉంటుంది. దానిమీది పూత చీకట్లో విద్యుత్ బంధకం, వెలుతురులో విద్యుద్వాహకం. యంత్రం చేసే పనిని అయిదు మెట్లుగా గుర్తుంచుకోండి. డ్రమ్ముకు ఆవేశం ఇవ్వడం, దానిమీద వెలుతురుతో బొమ్మ వేయడం, టోనరు అనే నల్లపొడి అంటించడం, ఆ పొడిని కాగితం మీదికి దించడం, చివరికి వేడి రోలరు కింద పొడిని కరిగించి కాగితానికి అతికించడం.

ఇక మా బడిలో జరిగింది చెబుతాను. మర్నాడు యూనిట్ పరీక్ష. ప్రశ్నపత్రాల నకళ్ళు తీస్తుంటే ఉన్నట్టుండి యంత్రం నల్ల కాగితాలు కక్కడం మొదలుపెట్టింది. అమ్మిన వాళ్ళకు ఫోను చేస్తే డ్రమ్ము మార్చాలన్నారు. దాని ఖరీదు వేల రూపాయలు. నేను మాత్రం ధీమాగా, "డ్రమ్ము బాగానే ఉంది. లోపల లైటు వెలగడం లేదు. వెలుతురు పడకపోతే ఆవేశం ఎక్కడిదక్కడే ఉంటుంది, అంతటా పొడి అంటుకుంటుంది" అన్నాను. ఎన్నో ఏళ్ళుగా స్థిర విద్యుత్తు పాఠం చెబుతున్నవాణ్ణి గదా!

సాయంత్రం మెకానిక్కు వచ్చాడు. ఐ.టి.ఐ. చదివిన కుర్రవాడు. నా మాట విని, "మాస్టారూ, మీరు చెప్పింది పాత మెషీనుకు సరిపోతుందండీ. ఇది డిజిటల్. దీని లెక్క తిరగబడుతుంది" అన్నాడు మెల్లగా.

అతను చెప్పింది నిజం. పాత యంత్రంలో మూలపత్రం మీది తెలుపు నుంచి తిరిగివచ్చిన వెలుతురు డ్రమ్ము మీద పడి, అక్కడి ఆవేశాన్ని పోగొట్టేది. ఆవేశం మిగిలినచోట పొడి అంటేది. కాబట్టి వెలుతురు లేకపోతే కాగితం నలుపు, ఆవేశం లేకపోతే తెలుపు. కొత్త యంత్రంలో లేజరు కిరణం అక్షరాలున్నచోటనే పడుతుంది. పొడికి, డ్రమ్ముకు ఒకే రకం ఆవేశం ఇస్తారు. సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయని మీకు తెలుసు. అందుచేత లేజరు పడి ఆవేశం పోయినచోటనే పొడి అంటుతుంది. కాబట్టి ఇందులో ఆవేశం లేకపోతే నలుపు, లేజరు వెలగకపోతే తెలుపు! లక్షణం ఒకటే, కారణం తలకిందులు. నేను పాత పట్టికను అప్పజెప్పాను. ఆ కుర్రవాడు యంత్రాన్ని ఆలోచించాడు.

అతను పని చేసిన తీరు చూడండి. ముందుగా మూలపత్రంతో పనిలేకుండా యంత్రం తనంతట తానే అచ్చువేసే పరీక్ష కాగితం తీశాడు. అదీ నల్లగానే వచ్చింది. అంటే మూలపత్రాన్ని చదివే భాగం, అందులోని నా లైటు, రెండూ నిర్దోషులు. తర్వాత కాగితం సగందాకా పోయాక తలుపు తెరిచి ఆపి చూశాడు. డ్రమ్మే నల్లగా ఉంది. అంటే కాగితం మీదికి దించే మెట్టు, వేడిచేసే మెట్టు కూడా నిర్దోషులే. ఇక మిగిలినవి రెండే. లేజరు ఆగకుండా వెలుగుతూ ఉండాలి, లేదా డ్రమ్ముకు ఆవేశం అందకుండా ఉండాలి. రెండింటిలో తేలికగా చూడగలిగినది ముందు చూశాడు. ప్లగ్గు పీకి, కాసేపు ఆగి, డ్రమ్మును బయటికి తీసి, వెలుతురు తగలకుండా గుడ్డ కప్పాడు. దానికి విద్యుత్తు అందించే చిన్న లోహపు ముక్కమీద పొడి గట్టిగా పేరుకుని ఉంది. పొడిగుడ్డతో తుడిచి బిగించాడు. తర్వాతి కాగితం మల్లెపువ్వులా వచ్చింది. డ్రమ్ము మార్చనక్కర లేకపోయింది.

మరొక ఉదాహరణ మీరే లెక్కకట్టండి. పొడిని కరిగించే హాలొజెన్ దీపం 230 వోల్టుల మీద 1000 వాట్లది అనుకోండి. నిరోధం ఎంత? వోల్టుల వర్గాన్ని వాట్లతో భాగిస్తే సుమారు 53 ఓములు. కాని చల్లగా ఉన్నప్పుడు మీటరు పెడితే అయిదారు ఓములే చూపవచ్చు. దీపం చెడిపోయిందనుకుని పారేస్తారా? టంగ్‌స్టన్ తీగ వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. 53 అనేది తీగ వెలుగుతున్నప్పటి లెక్క. సూత్రం ఒక్కటే తెలిస్తే చాలదు, అది ఏ పరిస్థితిలో వర్తిస్తుందో కూడా తెలియాలి.

ఇక్కడొక హెచ్చరిక. ఆ వేడి దీపం దగ్గర, వేడి హద్దు మీరితే విద్యుత్ వలయాన్ని తెంచే చిన్న రక్షణ పరికరం ఉంటుంది. అది తెగితే యంత్రం ఆగిపోతుంది. తొందరలో కొందరు దాని రెండు కొసలకూ తీగ ముడివేసి నడిపిస్తారు. ఇంట్లో ఫ్యూజు పోతే లావు తీగ చుట్టడం వంటిదే ఇది. ఫ్యూజు దొంగ కాదు, కావలివాడు. కేకవేసిన కావలివాడి నోరు నొక్కితే దొంగ పోతాడా? 1959లో వచ్చిన జిరాక్సు 914 యంత్రంలో ఇరుక్కున్న కాగితాలు వేడికి అంటుకునే ప్రమాదం ఉండేది. దానితోపాటు చిన్న అగ్నిమాపకాన్ని కూడా ఇచ్చేవారు! తెగినదాన్ని కలపడం మరమ్మతు కాదు. ఎందుకు తెగిందో కనుక్కోవడం మరమ్మతు.

అందుకే నా అభిప్రాయం ఇది. మన బడుల్లో విద్యుత్ వలయం బొమ్మ గీయిస్తాం, భాగాలు గుర్తింపజేస్తాం, మార్కులు వేస్తాం. పనిచేసే వలయాన్నే చూపిస్తాం. పనిచేయని వలయాన్ని పిల్లల ముందు పెట్టం. నిజానికి పరీక్షించవలసింది అక్కడే. టార్చి ఘటాలు రెండు, స్విచ్చి, చిన్న బల్బు, నాలుగు తీగలు చాలు. ఉపాధ్యాయుడు ఎక్కడో ఒకచోట లోపం దాచి ఇవ్వాలి. విద్యార్థి లోపం కనుక్కోవడమే గాక, ఏది నిర్దోషి అని ఎలా తేల్చాడో వరుసగా రాయాలి. మార్కులు ఆ రాతకు వేయాలి. సిలబస్సుకే సమయం చాలడం లేదని నా తోటి ఉపాధ్యాయులు అంటారు. ఈ ఒక్క పీరియడు వల్ల ఓమ్ సూత్రం పది పీరియడ్లకన్నా బాగా నిలుస్తుందని నా నమ్మకం. చదువురానివాళ్ళే ఐ.టి.ఐ.కి పోతారనే చులకన భావం కూడా మీలో కొంత తగ్గుతుంది. ఆ రోజు మా స్టాఫ్ రూములో సైన్సు చేసినవాడు ఆ కుర్రవాడే, నేను కాదు.

ఒక్కమాట గట్టిగా చెబుతున్నాను. ఇది చదివి జిరాక్సు యంత్రాన్ని గాని, ఇంట్లో కరెంటు పరికరాన్ని గాని మీరు విప్పవద్దు. ఆవేశం ఇచ్చే భాగానికి వేల వోల్టులు అందించే యంత్రాలున్నాయి. ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్లలో ఆవేశం నిలిచి ఉండవచ్చు. వేడి రోలరు చర్మాన్ని కాల్చగలదు. అది శిక్షణ పొందినవాళ్ళ పని.

మీకు టార్చిలైటు ఉంది. అది వెలగనినాడు వెంటనే బల్బు మార్చకండి. ముందు ఒక కాగితం తీసుకుని, ఏవేవి బాగున్నాయో, అవి బాగున్నాయని మీకెలా తెలుసో రాయండి. చివరికి మిగిలినదే లోపం. ఆ కాగితం తీసుకెళ్ళి మీ సైన్సు మాస్టారికో, టీచరమ్మకో చూపించండి. వారు తప్పక సంతోషిస్తారు.