గోదారి తస్వీర్లు ఎవరి అమానత్?

మా అమ్మీజాన్ సందూక్‌లో ఒక తస్వీర్ ఉండేది. చెరువు గట్టు, రెండు తాటిచెట్లు, దూరంగా దర్గా గుమ్మటం. మా నానా గీసింది. ఏ ఊరి చెరువో, ఏ సాల్లో గీశాడో వెనక రాయలేదు. అడుగుదామంటే ఇప్పుడు నానా లేడు, అమ్మీ లేదు. ఆ అఫ్సోస్‌తోనే ఈ నాలుగు మాటలు.

రాజమండ్రిలో దామెర్ల రామారావు పేరు మీద ఆర్ట్ గ్యాలరీ ఉంది. ఆయన 1897లో పుట్టి, 1925లో మశూచితో పోయాడు. ఇరవై ఎనిమిదేళ్లైనా నిండని జిందగీ! ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రాడి హునర్ కనిపెట్టాడు. బొంబాయి జె.జె. స్కూల్లో చదివాక కూడా రామారావు తన ఊరికే వాపస్ వచ్చి, నలుగురికి బొమ్మలు నేర్పాడు.

ఆయన పేరెత్తితే అందరూ పుష్పాలంకరణ, సిద్ధార్థ రాగోదయం గురించే చెప్తారు. నాకు మాత్రం ఆయన గోదారి, తూర్పు కనుమల బొమ్మలే దిల్‌కు దగ్గర. నూరేళ్ల కిందటి నది అది. పోలవరం కట్టాక మారిపోయే ఆ లోయలకు ఇవి గవాహీ. ల్యాండ్‌స్కేప్ అంటే ఖూబ్‌సూరత్ నజారా ఒక్కటే కాదు, నేల గురించిన దస్తావేజు కూడా.

ఇంత తక్కువ కాలం బతికిన మనిషి విరాసత్ నిలిచిందంటే ఖాందాన్, దోస్తుల మెహర్బానీయే. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ ఇద్దరూ చిత్రకారులే. దోస్త్ వరదా వెంకటరత్నం ఆయన నేర్పిన దారిని ముందుకు నడిపాడు. ఆ బొమ్మలు తలా ఒకటి పంచుకుపోయి ఉంటే? ఒక్కో గోడ మీద ఒక్కో తస్వీర్ మిగిలేది. చిత్రకారుడు మిగిలేవాడు కాదు. చేయి ఎలా ముదిరిందో, రంగు ఎక్కడ మారిందో అన్నీ ఒక్కచోట చూస్తేనే కదా తెలిసేది!

"మా ఇంటి బొమ్మలు, మా ఇష్టం" అంటారు కొందరు. హక్ మీదే, కాదనను. కానీ ఆ నది మీ ఒక్కరిదే కాదు కదా. అమ్మమనీ, ఇచ్చెయ్యమనీ అనడం లేదు. ఫోటోలు తీసి పెట్టండి. ఒక ఫెహరిస్త్ రాయండి. తేమ తగలనివ్వకండి. ఏడాదికోసారి తలుపు తీసి ఊరి పిల్లలకు చూపించండి.

అన్నిటికంటే ముందు, ఇంట్లో బుజుర్గులు ఉన్నప్పుడే అడగండి: ఇది ఏ ఊరు, ఏ గట్టు అని. మా సందూక్‌లోని చెరువుకు ఇక పేరు దొరకదు.