మానవ వ్యోమనౌక: రెక్కలు వలయునా?

భారతదేశము తన నేలనుండి, తన నౌకలో, తన బిడ్డలను అంతరిక్షమునకు బంపగలదని 2018 ఆగస్టు 15వ తేదీని ప్రధానమంత్రి ఎఱ్ఱకోటనుండి ప్రకటించిరి. ఆ కార్యము 2022 నాటికి నెఱవేఱవలెనని నాడు గడువు విధింపబడినది. ఆ గడువు కడచినది. ఇందుకు మేము చింతింపము. గడువు తప్పిన దోషమును తరువాత దిద్దుకొనవచ్చును; ప్రాణము తప్పిన దోషమును దిద్దుకొనుట యెవ్వరితరమును గాదు. మనము విచారింపవలసిన విషయము వేఱొకటి కలదు. మానవులను మోయు నౌక ఇకముందు ఏ తీరున నిర్మింపబడవలెను? పూర్వకాలపు గంట యాకారముగల గదియే చాలునా, లేక విమానమువలె రెక్కలు దాల్చి నేలపై వ్రాలు నౌకను కోరవలెనా?

నూజివీడు తోటల రైతు మమ్ము వెంటనే ప్రశ్నింపవచ్చును: "మాకు కాయకు ధర లేదు, తామరపురుగు బాధ తీఱలేదు, ఆకాశపు నౌక రెక్కలతో మాకేమి పని?" ఈ ప్రశ్న న్యాయమైనదే. గగనయాన కార్యక్రమమునకు కేంద్ర ప్రభుత్వము 2024లో విస్తరించి మంజూరుచేసిన వ్యయము 20,193 కోట్ల రూపాయలు. ఇది శిస్తులిచ్చువారి సొమ్ము. సొమ్ము తమదైనప్పుడు పని తీరు నడుగు హక్కును తమదే. అదిగాక నౌక లేచు శ్రీహరికోట ఆంధ్రుల నేల. పులికాటు సరస్సు దరినున్న దీవి. నూజివీడునందే 2008లో స్థాపింపబడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు శాఖలో పల్లెటూళ్ల పిల్లలు యంత్రవిద్య నభ్యసించుచున్నారు. రేపు ఆ నౌకల మరలు బిగించువారు వారే కావచ్చును. కావున ఈ చర్చ మనది కాదనుట పొరపాటు.

రెక్కల పక్షమువారి వాదమును ముందుగా వినుదము. గదివంటి నౌక సముద్రమున బడును. దానిని వెదకి తెచ్చుటకు ఓడలు వలయును. రెక్కల నౌక దారితప్పక పట్టాపై దిగును, మరల మరల పనికివచ్చును, ప్రయాణికునకు కుదుపు తక్కువ. మన ఇస్రోవారును ఈ విద్యలో వెనుకబడలేదు. 2016 మే 23వ తేదీని శ్రీహరికోటనుండి రెక్కల నమూనా నొకదానిని ఎగురవైచిరి. 2023లో నొకమాఱు, 2024లో రెండుమాఱులు చిత్రదుర్గము చెంత హెలికాప్టరునుండి విడువబడిన నమూనా తనంతట తాను పట్టాపై వ్రాలినది. ఇది గర్వింపదగిన విషయమే.

అయినను మనుష్యుల యెడ లెక్క వేఱు. అమెరికావారి రెక్కల నౌక 1981 మొదలు 2011 వఱకు 135 యాత్రలు చేసెను. అందు రెండు నౌకలు నశించి పదునలుగురు మడిసిరి. 1986 జనవరి 28న చాలెంజరు లేచిన కొలది క్షణములకే విచ్ఛిన్నమయ్యెను. నౌకను రాకెట్టునుండి వేఱుచేసి తప్పించు సాధనమే దానికి లేదు. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా తిరిగివచ్చుచు ఛిన్నాభిన్నమయ్యెను. లేచునప్పుడు తొట్టినుండి ఊడిన నురుగుముక్క రెక్క యంచును కొట్టి రంధ్రము చేసినది. ఆ నౌకలో మన కల్పనా చావ్లా యుండెను. నౌక రాకెట్టు ప్రక్కన వ్రేలాడుచుండుటచేతనే పైనుండి రాలినది దానిపై బడినది. నౌక కొనయందున్నచో పైనుండి రాలున దేమియు నుండదు.

గదినౌకకు ఈ రెండు రక్షలును కలవు. అది రాకెట్టు కొనయందు కూర్చుండును. క్రింద అగ్ని పుట్టినచో దానిని పైకి లాగివేయు యంత్రము దానికి దగిలియుండును. 1983 సెప్టెంబరు 26న సోవియటు రాకెట్టు నిలిచిన చోటనే అంటుకొనగా, ఆ యంత్రము ఇరువురను లాగి బ్రతికించెను. 2018 అక్టోబరు 11న సోయుజు రాకెట్టు నడుమ చెడినప్పుడును ఇరువురును క్షేమముగా నేల జేరిరి. తిరిగివచ్చునప్పుడు గంటకు ఇంచుమించు 28,000 కిలోమీటర్ల వేగముతో గాలిలో బ్రవేశించు వస్తువునకు మొద్దు ముఖమే మేలు. అది గాలిని ముందే కుదించి, వేడిమిలో అధికభాగమును తన దేహమునకు సోకనీయక ప్రక్కలకు ద్రోయును. వాడియైన రెక్క యంచున కీ సౌఖ్యము లేదు.

2021 జూలై 11న మన తెలుగు ఆడపడుచు శిరీష బండ్ల రెక్కల నౌకలోనే అంతరిక్షపు టంచును జూచి రాలేదా యని కొందఱందురు. నిజమే. అది కొలది నిమిషములు పైకెగిరి దిగు యాత్ర. భూమిని జుట్టు వేగము దానికి లేదు, ఆ వేడిమియు లేదు. అదే సంవత్సరము నవంబరులో తెలంగాణమున వేరులుగల రాజా చారి నాయకుడై భూప్రదక్షిణ కక్ష్యలోని కేంద్రమునకు బోయినది గదినౌకలో. 2025 జూన్ 25న మన శుభాంశు శుక్లా బయలుదేఱినదియు అట్టి నౌకలోనే. ఈ రెండు తీరుల యాత్రలను ఒక్క త్రాసున దూచరాదు.

మూడవ పక్షము వారును గలరు. అమెరికాలో స్టార్‌షిప్ అను మహానౌక పరీక్షలలో నున్నది. దానికి వేఱు తప్పించు గది లేదు. తన యంత్రముల బలముచేతనే లేచి, తన యంత్రముల బలముచేతనే దిగవలెనని సంకల్పము. వందలకొలది యాత్రలు నిర్విఘ్నముగా జరిగినగాని అందు మనుష్యుని గూర్చుండబెట్టుట వివేకము కాదని మా యభిప్రాయము. సరకు నష్టమైన మరల చేయవచ్చును.

రసాలను దూరదేశమునకు బంపు నూజివీడు వర్తకుడు ముందుగా జూచునది బండి సొగసును గాదు, పెట్టెలోని వరిగడ్డిని. బండి కుదిపినను పండు నలుగరాదు. నౌకానిర్మాణమునకును ఇదే సూత్రము. రాకెట్టు చెడినను మనిషి దక్కవలెను. మన ఇస్రోవారు ఈ సూత్రమునే పట్టిరని చెప్పుటకు సంతసించుచున్నాము. 2014 డిసెంబరు 18న ఖాళీగదిని పైకి బంపి బంగాళాఖాతమున దింపిరి. 2018 జూలై 5న నేలమీదనుండియే గదిని లాగి తప్పించు పరీక్ష జరిపిరి. 2023 అక్టోబరు 21న ఎగురుచున్న రాకెట్టునుండి గదిని విడదీసి సముద్రమున దింపిరి. ఆనాడు గది నీటిపై తలక్రిందులుగా దేలినది. దానిని దాపకుండుట మెచ్చదగినది; నిజమైన యాత్రలో గదిని నిటారుగా నిలుపు సంచులు ఎంత ముఖ్యములో దేశమునకు దెలిసినది. 2025 ఆగస్టు 24న హెలికాప్టరునుండి గదిని విడిచి పారాచూట్లను బరీక్షించిరి. పది పారాచూట్లు క్రమము తప్పక విచ్చుకొనవలెను. మూడు పెద్దవాటిలో ఒకటి విచ్చుకొనకున్నను గది క్షేమముగా దిగునట్లు ఏర్పాటు. 1967లో సోవియటు వీరుడు కొమరోవు పారాచూటు చిక్కుపడి మరణించిన కథ నెఱిగినవారు ఈ జాగ్రత్తను అతి యనరు.

మా భయమంతయు తొందరపాటును గూర్చియే. 1964 అక్టోబరున సోవియటువారు, అమెరికాకంటె ముందు ముగ్గురను బంపితిమను కీర్తికై, చిన్న గదిలో ముగ్గురనిఱికించిరి. చోటు చాలక రక్షణదుస్తులను మానిరి. నాడు దైవము కాచినది. 1971లో దుస్తులు లేకయే తిరిగివచ్చుచున్న మువ్వురు సోయుజులోని గాలి తప్పించుకొని పోగా మృతులైరి. అటుపిమ్మట ప్రయాణికుల సంఖ్యను ఇద్దఱకు దగ్గించి దుస్తుల దొడిగిరి. కీర్తికై వదలిన రక్షణను శవముల జూచి మరల దెచ్చుకొనిరి. దీనికి మాఱుగా 2024లో అమెరికావారు స్టార్‌లైనరు యంత్రములు శంకాస్పదములు కాగా, సునీతా విలియమ్సును ఆమె సహచరుని కక్ష్యలోనే నిలిపి నౌకను ఖాళీగా దింపిరి. తమ పరువుకంటె ప్రాణము పెద్దదని యెంచిరి. వేఱొక నౌక సిద్ధముగా నుండుటచేత ఆ వివేకము సాధ్యమైనది.

స్వదేశీయమును గూర్చి యొకమాట. మనిషికి గాలిని, తేమను, వేడిమిని సమకూర్చు యంత్రములను పరదేశములు మన కీయజాలమనుటచే వానిని మనమే చేసికొనవలసి వచ్చినదని ఇస్రో అధ్యక్షులుగా నున్నప్పుడు సోమనాథుగారు చెప్పియుండిరి. యిది కష్టమైనను మేలే. యాచించి తెచ్చిన యూపిరి ఎప్పుడైనను ఆగిపోవును.

కావున మా కోరికలు మూడు. మొదటిది: మానవులకు గదినౌకయే యుండవలెను, రెక్కల నౌక సరకుల మోయుచు ఎన్నియో యేండ్లు పరీక్షకు నిలిచిన పిమ్మటనే మనుష్యుల మాట తలపవలెను. రెండవది: 2035 నాటికి మన స్వంత అంతరిక్షకేంద్రము వెలయవలెనని సంకల్పించినవారు, అందున్నవారిని దింపుటకు రెండవ నౌకను ఎల్లప్పుడును సిద్ధముగా నుంచవలెను. మూడవది: పరీక్షల జయాపజయముల వివరములను కళాశాలల పిల్లలకు సైతము అందునట్లు ప్రచురింపవలెను. పండుగదినము జూచి ప్రయోగదినమును నిర్ణయింపరాదు.

మామిడిపూత చూచి పండు ధర కట్టువాడు మోసపోవును. టెంకె ముదిరి, కాయ తయారైన పిమ్మట కోసిన పండునకే రుచి. ఈ దేశము తన బిడ్డలను నింగికి బంపుగాక. వారిని తిరిగి తల్లుల కప్పగింపగల దినముననే పంపుగాక.