సంపాదకుని మాట: విన్నవాళ్లు చెప్పాల్సిందే

ఈ సంచిక అభిమానులది. అమెరికన్ రాక్ బృందం గ్రేట్‌ఫుల్ డెడ్ కచేరీలను కళ్లారా చూసినవాళ్ల జ్ఞాపకాలకే పేజీలన్నీ కేటాయించాం.

ఈ బృందం నిన్న వాయించిన పాటను ఇవాళ అలాగే వాయించేది కాదు. అందుకే అభిమానులు ఊరూరా వెంట తిరిగారు. పొడవాటి స్టాండ్లకు మైకులు బిగించి కచేరీలను క్యాసెట్లలోకి ఎక్కించుకున్నారు. 1984లో బృందమే వాళ్లకు హాల్లో విడిగా చోటిచ్చింది. టేపులు ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోకూడదన్నది కట్టుబాటు. 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయంలోని బార్టన్ హాల్‌లో జరిగిన కచేరీ రికార్డింగు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి జాతీయ రికార్డింగుల జాబితాకే ఎక్కింది.

1995లో బృందం గిటారిస్టు, గాయకుడు జెర్రీ గార్షియా కన్నుమూశాక ఆ పేరుతో కచేరీలు ఆగిపోయాయి. నాటి శ్రోతలకు వయసు మీదపడుతోంది. పాట టేపులో ఉంది. ఆ రాత్రి జనం మధ్య నిలబడితే ఎలా అనిపించిందో మాత్రం వాళ్లే చెప్పాలి. శ్రద్ధగా చదవండి. మీరు మరచిపోలేని కచేరీ ఉంటే మాకు రాయండి.