నష్టం ఏ ఖాతాలో?

ఎకరాకు ఎన్ని క్వింటాళ్లు?

పత్తి రైతు కనబడితే ఎవరైనా ముందు అడిగేది ఇదే. పీజీ విద్యార్థి పరిశోధన కూడా చాలాసార్లు ఇక్కడే మొదలై ఇక్కడే ముగుస్తుంది. దిగుబడి పెరిగితే మందు పనిచేసినట్టు, లేకపోతే లేదు! కానీ ఆ ఒక్క ప్రశ్న చాలదని గుంటూరు, ప్రకాశం జిల్లాలకు ఏనాడో తెలిసొచ్చింది.

1980ల తొలినాళ్లలో సింథటిక్ పైరెత్రాయిడ్ మందులొచ్చాయి. చల్లగానే పురుగు రాలిపోయేది. రైతులు మళ్లీ మళ్లీ కొట్టారు. పురుగుతోపాటు దాన్ని తినే మిత్రపురుగులూ చచ్చిపోయాయి. ఆ సందులో తెల్లదోమ విజృంభించింది. 1987 నాటికి శనగపచ్చ పురుగు ఆ మందులకు లొంగడం మానేసింది. 1987-88లో అప్పులపాలైన పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు.

మందు కొట్టిన మర్నాడు చచ్చిన పురుగులను లెక్కపెట్టడం తేలికే. మిత్రపురుగులు ఎన్ని మిగిలాయి, మూడేళ్లకు ఏమవుతుంది, అప్పు ఎంత పెరిగింది... ఇవి తేల్చాలంటే ఓపిక కావాలి, పద్ధతీ కావాలి.

ఆ పద్ధతి నేర్పేదెక్కడ? 1991 నాటి సుప్రీంకోర్టు తీర్పు పుణ్యమా అని డిగ్రీలో పర్యావరణ పాఠం తప్పనిసరి అయింది. పీహెచ్‌డీలో చేరినవారు పరిశోధనా పద్ధతుల కోర్సు చదవాలని 2009లో యూజీసీ నిబంధన పెట్టింది. రెండూ మంచివే. కానీ ఒకటి పరీక్ష రాసి మరిచిపోయే పేపరు, రెండోది శాంపిళ్లు, సగటుల పేపరు. ఒకదాని ముఖం ఇంకొకటి చూడకపోతే ఏం లాభం?

ఒంగోలు దగ్గరి కొత్తపట్నం తీరాన్నే తీసుకోండి. రొయ్యల చెరువు లాభసాటేనా? యజమాని పద్దుల పుస్తకం చూస్తే ఒక జవాబు. పక్క పొలంలో బోరునీళ్లు ఉప్పగా మారాయేమో రుచి చూస్తే ఇంకో జవాబు రావచ్చు. 1996లో రొయ్యల చెరువుల కేసులో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన 'నీరి' నివేదిక, ఆంధ్ర, తమిళనాడు తీరాల్లో ఆదాయం కంటే నష్టమే ఎక్కువని చెప్పింది. చెరువుగట్టు దగ్గరే ఆగిపోతే ఆ లెక్క దొరికేది కాదు.

అందుకే సుస్థిరతకు ఇంకో కొత్త పేపరు అక్కర్లేదు. పద్ధతుల తరగతిలో మొదటిరోజే బోర్డు మీద మూడు ప్రశ్నలు రాస్తే చాలు. హద్దు ఎక్కడ గీశాం? ఎన్నాళ్లు చూశాం? ఎవర్ని అడగలేదు? మూడో ప్రశ్న దగ్గరే మందు కొట్టే కూలీ, దూరం నుంచి మంచినీళ్లు మోసే ఇల్లాలు గుర్తొస్తారు.

మీ ఇంట్లో ఎమ్మెస్సీయో పీహెచ్‌డీయో చేస్తున్న పిల్లలున్నారా? ఈ ఆదివారం భోజనాల దగ్గర అడిగి చూడండి. 'లాభం సరేరా, నష్టం ఎవరి ఖాతాలో రాశావు?' అని. తడబడితే కంగారేం లేదు. థీసిస్ బైండింగుకు వెళ్లేదాకా దిద్దుకోవచ్చు. పంట పోయాక రైతుకు ఆ వీలుండదు.