ఫలకంపై నిమిషాలు

పెళ్లి పట్టుచీరల కోసం హిందూపురం నుండి పెనుకొండ మీదుగా ధర్మవరం బయలుదేరిన కుటుంబాన్ని ఇంటివారు దారి పొడవునా ఫోనులో అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇంకా ఎంతసేపు?" తరచుగా ఆ ఫోను మోగేది వాహనం నడిపేవారి జేబులోనే.

రహదారి పక్కన ఎలక్ట్రానిక్ ఫలకంపై ప్రయాణ సమయాన్ని చూపే పద్ధతి ఈ ప్రశ్నకు జవాబుగానే వచ్చింది. ఒకే వాహనాన్ని రెండు చోట్ల నంబరు ప్లేటు ద్వారానో, బ్లూటూత్ సంకేతం ద్వారానో గుర్తించి, నడుమ పట్టిన కాలాన్ని లెక్కిస్తారు. అనేక వాహనాల లెక్కలు కలిపి సగటును ఫలకంపై ఉంచుతారు. ప్యారిస్ వలయ రహదారిపై ఇలాంటి అంకెలు కనిపిస్తాయి. హైదరాబాద్‌లో 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డుపై కూడా ఎలక్ట్రానిక్ సందేశ ఫలకాలున్నాయి. పెనుకొండ మీదుగా సాగే 44వ జాతీయ రహదారిపై ప్రయాణ సమయాన్ని చూపితే అది మన ప్రాంతీయులకూ మేలే. అయితే దారులు చీలడానికి ముందే ఫలకం కనబడాలి. దాటిపోయాక తెలిసిన సమాచారంతో దారి ఎంచుకోలేము.

ఆ అంకె ఇప్పటికే గమ్యం చేరిన వాహనాల అనుభవం మాత్రమే. ముందు ఒక లారీ అడ్డంగా నిలిచిపోతే లెక్క తప్పుతుంది. చేరే వేళ చెప్పేటప్పుడు 'ఇన్షా అల్లాహ్' అనే అలవాటున్న మనకు ఇది కొత్త విషయం కాదు. అయినా సమాచారం అమానతు వంటిది. తాజా లెక్క అందనప్పుడు పాత అంకెను అలాగే వెలిగించి ఉంచడం కంటే ఫలకాన్ని ఖాళీగా వదలడమే న్యాయమని మేము భావిస్తున్నాము.

ఇక వాహనం నడిపేవారి బాధ్యత. ఫలకం చూపిన నిమిషాలను ఓడించాలనే పంతం ప్రాణాంతకం. 40 కిలోమీటర్ల దూరాన్ని గంటకు 80 కిలోమీటర్ల వేగంతో 30 నిమిషాల్లో, 100 కిలోమీటర్ల వేగంతో 24 నిమిషాల్లో దాటగలము. మిగిలేది 6 నిమిషాలు. కానీ బ్రేకు వేశాక బండి ఆగడానికి పట్టే దూరం ఒకటిన్నర రెట్లకు పైగా పెరుగుతుంది. భార్యాబిడ్డలు కూర్చున్న బండిలో ఈ బేరం ఎవరికి లాభం?

ఫలకం ఆలస్యాన్ని సూచిస్తే ఆగదగిన చోట ఆగి, ఇంటికి ఒక మాట చెప్పి, నెమ్మదిగా సాగవచ్చు. ఇంటివారు కూడా బండి నడిపేవారికి కాక, పక్కన కూర్చున్నవారికి ఫోను చేయాలని మా మనవి.